చూపు వచ్చింది, రిపోర్టు మారలేదు

ప్రశ్న: నా వయసు 34. కొన్ని నెలల క్రితం కుడికన్ను మసకబారింది, కన్ను కదిపితే నొప్పి. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే చూపు నరానికి వాపు అన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక చూపు మామూలైంది. మెదడు ఎమ్మారైలో ఏమీ లేదు. చూసినదానికి మెదడులో పుట్టే అలను కొలిచే వీఈపీ పరీక్షలో మాత్రం పీ100 ఎడమకంటికి 101, కుడికంటికి 128 మిల్లీసెకన్లు అని వచ్చింది. మొన్న మళ్లీ చేయిస్తే 126. బాగానే కనిపిస్తుంటే రిపోర్టు ఎందుకిలా వస్తోంది? నార్మల్ వచ్చేదాకా చేయిస్తూ ఉండాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తానమ్మా. వద్దు. ఆ అంకె తగ్గడం కోసం పరీక్ష మళ్లీ మళ్లీ చేయించుకోకండి. అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. అలా ఉన్నంత మాత్రాన మీ కన్ను బాగుపడలేదని కాదు.

పరీక్షలో మీరు చూసిన తెరను గుర్తు తెచ్చుకోండి. నలుపు తెలుపు గళ్లు, సెకనుకు సుమారు రెండుసార్లు తారుమారవుతూ ఉంటాయి. నల్లగడి తెల్లగా మారిన ప్రతిసారీ ఆ కబురు రెటీనా నుంచి చూపు నరం గుండా మెదడు వెనక భాగానికి చేరుతుంది. అక్కడ పుట్టే చిన్న విద్యుత్ అలను తల వెనక అంటించిన ఎలక్ట్రోడు పట్టుకుంటుంది. మామూలుగా 100 మిల్లీసెకన్ల దగ్గర శిఖరం వస్తుంది కాబట్టి దాన్ని పీ100 అంటాం. ఆ అల ఎత్తు కొద్ది మైక్రోవోల్టులే. మెదడు తన పనిలో తాను పుట్టించే అలలు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. సందడిలో ఒకరు లయ తప్పకుండా తాళం వేస్తుంటే కాసేపటికి ఆ దెబ్బ మన చెవికి దొరికినట్టు, వంద సార్లో అంతకన్నా ఎక్కువో గళ్లు మార్చి సగటు తీస్తే మిగతా గోలంతా చెరిగిపోయి ఈ అల ఒక్కటీ నిలుస్తుంది. 1947లో బ్రిటన్‌లో జార్జ్ డాసన్ ఈ దారి పట్టాడు. అప్పట్లో కంప్యూటర్ ఎక్కడిది, గీతలన్నీ ఒకే ఫొటో మీద ఒకదానిపై ఒకటి పడేలా తీసి చూశాడు. తర్వాత సగటు తీసే యంత్రమే కట్టాడు.

ఇక మీ 128 సంగతి. నరం పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. కబురు వేగంగా వెళ్లేది దాని వల్లే. మీకు వాపు వచ్చినప్పుడు ఆ పొర కొంతమేర ఊడి, కబురు ఆగిపోయింది, చూపు మసకబారింది. వాపు తగ్గాక నరం తనను తాను సర్దుకుంది. పొర లేని చోట కూడా కబురు దాటేలా, విద్యుత్ కబురును ముందుకు నడిపే సోడియం ద్వారాలు కొత్తగా పరుచుకుంటాయి. దాంతో కబురు చేరుతుంది, కాకపోతే నెమ్మదిగా చేరుతుంది. మీరు అక్షరం చదవడానికి కబురు చేరితే చాలు. పాతిక మిల్లీసెకన్ల ఆలస్యం చదువుకి అడ్డు రాదు. మా యంత్రం కొలిచేది మాత్రం ఆ ఆలస్యాన్నే. 1972లో లండన్‌లో హాలిడే, మెక్‌డోనాల్డ్, ముషిన్ ఇదే గమనించారు: చూపు పూర్తిగా తిరిగొచ్చినవాళ్లలోనూ ఆలస్యం మిగిలే ఉంది. ఈ పరీక్ష విలువంతా అక్కడుంది. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన దెబ్బను కూడా ఇది చూపించగలదు.

ఆ ఆలస్యాన్ని మీరే చూడొచ్చు. దారానికి ఉంగరం కట్టి మీ ఎదురుగా కుడి ఎడమలకు తిన్నగా ఊపమని ఎవరినైనా అడగండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే అది తిన్నగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో ముందుకీ వెనక్కీ తిరుగుతున్నట్టు కనిపించవచ్చు. ఒక కంటి కబురు రెండోదానికన్నా వెనకబడటం వల్ల మెదడుకు కలిగే భ్రమ ఇది. దీన్ని పుల్‌ఫ్రిక్ ప్రభావం అంటారు. కొందరికి విసిరిన బంతి పట్టుకోవడంలో, పక్కనుంచి దూసుకొచ్చే వాహనం దూరం అంచనా వేయడంలో ఇబ్బంది వస్తుంది. మీకూ అలా ఉంటే డాక్టరుకు చెప్పండి, బాగున్న కంటికి కొద్దిగా రంగు అద్దం వాడితే కొందరికి తేడా తగ్గుతుంది. వేడినీళ్ల స్నానం చేసినప్పుడో, జ్వరం వచ్చినప్పుడో కాసేపు మసకబారి మళ్లీ సర్దుకుంటే కంగారుపడకండి. మైలిన్ దెబ్బతిన్న నరం వేడికి తట్టుకోలేదు.

మీ మనసులో ఉన్న అసలు భయం మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి, అంటే మెదడులో, వెన్నుపాములో పలుచోట్ల ఈ మైలిన్ పొర దెబ్బతినే జబ్బు గురించి అయ్యుంటుంది. మీ కుడి నరానికి దెబ్బ తగిలిందని మనకు ముందే తెలుసు, వీఈపీ ఎన్నిసార్లు చేసినా అదే మాట చెబుతుంది. దెబ్బ ఎందుకు తగిలిందో అది చెప్పలేదు. ఆ విషయంలో ఎమ్మారై మాటకే బరువెక్కువ. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో, మొదటిసారి ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చినప్పుడు మెదడు ఎమ్మారైలో మచ్చలు ఉన్నవాళ్లలో 15 ఏళ్లలో 72 శాతం మందికి ఆ జబ్బు తేలింది. మచ్చలు లేనివాళ్లలో 25 శాతం మందికే. మీరు రెండో కోవలో ఉన్నారు. అయినా నాలుగో వంతు అంటే తీసిపారేసేది కాదు, కాబట్టి న్యూరాలజిస్టు చెప్పిన గడువుకు ఎమ్మారై చేయించుకోండి. కొత్తగా చూపు తగ్గినా, కాళ్లు చేతులు తిమ్మిరెక్కి ఒక రోజుకు మించి ఉన్నా ఆ గడువు కోసం ఆగకండి.

128, 126ల తేడాకు అర్థమేమీ లేదు. ఒకే మనిషికి వేరే రోజు చేస్తే ఆ మాత్రం అటూ ఇటూ అవుతుంది. నేను చూసేది రెండు కళ్ల మధ్య తేడా. ఈ పరీక్షలు చేసే గదిలో పనిచేసేదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తాను: ‘అబ్నార్మల్’ అని ఒక్క ముక్క రాసి పంపే రిపోర్టులు నాకు నచ్చవు. రోగి కళ్లద్దాలు పెట్టుకున్నారా, తెర మధ్య చుక్కను చూస్తూ ఉన్నారా, కునుకు తీశారా అన్నవి అందులో ఉండాలి. రెటీనా జబ్బున్నా అల ఆలస్యం కావచ్చు, అందుకే కంటి డాక్టరు పరీక్ష ముందు జరగాలి.

ప్రశ్న: మా పాప పుట్టినప్పుడు చేసిన వినికిడి పరీక్షలో రెండు చెవులూ పాస్ కాలేదు. ఇప్పుడు రెండు నెలలు. బెరా చేయించమన్నారు. తలకు వైర్లు పెట్టి కరెంటు ఇస్తారంటే భయమేసి వాయిదా వేశాం. కాస్త పెద్దయ్యాక చేయించకూడదా?

జవాబు: ఆగకండి, ఈ వారంలోనే తీసుకెళ్లండి. బెరాలో బిడ్డకు కరెంటు ఇవ్వరు. చెవిలో టిక్ టిక్‌మని చిన్న శబ్దాలు వినిపిస్తారు. వైర్లు పాప మెదడులో పుట్టే అలలను చదవడానికే. శబ్దం వినపడిన 10 మిల్లీసెకన్లలోపే వరసగా అలలు వస్తాయి. వాటిలో ఐదోది ఎంత మెల్లని శబ్దానికి కూడా కనిపిస్తోందో చూసి వినికిడి అంచనా వేస్తారు. ఈ అలలు ఒక మైక్రోవోల్టు కూడా ఉండవు, పాప కాలు విదిలించినా చెదిరిపోతాయి. అందుకే నిద్రలో చేస్తారు. ఈ వయసులో చాలామంది పిల్లలకు మందు అక్కర్లేదు. ఆకలి మీద ఉంచి తీసుకెళ్లి, అంతా అమర్చాక పాలిచ్చి పడుకోబెడితే చాలు. మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు చికిత్స మొదలుకావాలన్నది వైద్యులు పాటించే లెక్క. మాటలు నేర్చే మెదడు ఆ నెలల్లోనే శబ్దాలు వింటూ తయారవుతుంది. లోపం లేదని తేలితే మీకు నిశ్చింత, ఉందని తేలితే పాపకు ఆ నెలలు దక్కుతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి వెన్ను వంకరకు ఆపరేషన్. ‘ఎస్ఎస్ఈపీ మానిటరింగ్’ అని ఎస్టిమేట్‌లో రాశారు. అవసరమేనా?

జవాబు: అవసరమే, తీసేయమని అడగకండి. ఆపరేషన్ సాగుతున్నంతసేపూ చీలమండ దగ్గర నరానికి సన్నటి విద్యుత్ తాకిడి ఇస్తూ, అది వెన్నుపాము గుండా మెదడుకు చేరుతోందో లేదో చూస్తుంటారు. అల ఎత్తు సగానికి పడిపోయినా, పదో వంతు ఆలస్యమైనా సర్జన్‌ను హెచ్చరిస్తారు. వెన్నును సరిచేసే లాగుడును అప్పటికప్పుడు సడలించే వీలుంటుంది. ఇది స్పర్శ దారిని మాత్రమే కాస్తుంది. మెదడు నుంచి కండరాలకు వెళ్లే కదలిక దారిని కాసే ఎంఈపీ అనే పరీక్ష కూడా పెడుతున్నారా అని అడగండి.