పేరు చెడిన ప్లేయర్ కంపెనీలో తొలి ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉంది. మీడియా ప్లేయర్ తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి క్యాంపస్‌లో ఎంపిక చేసింది. ఏడాదికి 4.2 లక్షల జీతం, రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మాత్రం ‘ఆ కంపెనీ పేరు చెబితే టెక్నికల్‌గా తెలిసినవాళ్లెవరూ లెక్కచేయరు, రెజ్యూమే పాడవుతుంది’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మేనల్లుడి మాట కొట్టిపారేయకండి. అయితే నిర్ణయం తీసుకునే ముందు అతణ్ని ఒకటి అడగండి. ఆ ప్లేయర్ సరిగా పనిచేయదని చెడ్డపేరా, లేక వాడేవాళ్లకు తెలియకుండా కంప్యూటర్‌లో ఏవేవో దూరుస్తుందని చెడ్డపేరా? వీడియో ఆగి ఆగి రావడం, మాట ఒకచోట పెదవి ఒకచోట ఉండడం, ఇవి బగ్‌లు, అంటే కోడ్‌లోని లోపాలు. బగ్‌లున్న చోట కొత్త ఇంజినీరుకు నేర్చుకునే పని బోలెడు దొరుకుతుంది. రెండోది యాజమాన్యం తెలిసి ఎంచుకున్న దారి. కొత్తగా చేరిన పిల్ల దాన్ని మార్చలేదు, పైగా ఆ కోడ్ తన చేత్తోనే రాయాల్సి రావచ్చు.

మంచి ఇంజినీరింగ్, చెడ్డ నడవడి ఒకే కంపెనీలో ఉండగలవని చెప్పడానికి రియల్‌ప్లేయర్ తయారుచేసిన అమెరికా కంపెనీ రియల్‌నెట్‌వర్క్స్ చాలు. 1995లో వచ్చిన వాళ్ల రియల్‌ఆడియో, ఫోన్ లైన్ మోడెమ్ మీద కూడా ఫైలు మొత్తం దిగేదాకా ఆగకుండా శబ్దం వినిపించింది. ఆ రోజుల్లో అది నిజంగా గొప్ప పని. తర్వాత మైక్రోసాఫ్ట్ తన ప్లేయర్‌ను విండోస్‌తో కలిపి ఉచితంగా ఇచ్చింది, ఉచిత ప్లేయర్ మీదే డబ్బు రాబట్టాల్సిన ఒత్తిడి రియల్‌నెట్‌వర్క్స్ మీద పడింది. 1999లో వాళ్ల పాటల ప్రోగ్రామ్ రియల్‌జూక్‌బాక్స్, జనం ఏ పాటలు వింటున్నారో ఒక గుర్తింపు సంఖ్యతో సహా కంపెనీకి పంపుతోందని బయటపడింది. 2006లో పీసీ వరల్డ్ పత్రిక అత్యంత చెత్త టెక్ ఉత్పత్తుల జాబితాలో రియల్‌ప్లేయర్‌కు రెండో స్థానం ఇచ్చింది. 2008లో, హానికర సాఫ్ట్‌వేర్ మీద జనాన్ని హెచ్చరించే స్టాప్‌బ్యాడ్‌వేర్ సంస్థ రియల్‌ప్లేయర్ రెండు వెర్షన్లను తప్పుబట్టింది. ఒకటి ప్రకటనలు చూపించే భాగం గురించి సరిగా చెప్పడం లేదని, రెండోది చెప్పకుండా మరో ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేసి, ప్లేయర్ తీసేసినా దాన్ని వదిలేస్తోందని. అయినా 2012లో ఇంటెల్ అదే కంపెనీ పేటెంట్లనూ, వీడియోను కుదించి మళ్లీ విప్పే కోడెక్ సాఫ్ట్‌వేర్‌నూ 12 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. పేరు పోయినా లోపలి పనికి విలువ పోలేదు. మీ అమ్మాయి ఏ పనిలోకి వెళ్తుందన్నదే అసలు సంగతి అని నేననేది అందుకే.

కంపెనీ సంగతి ఊహించక్కర్లేదు, ఒక ఆదివారం కూర్చుని స్వయంగా చూడవచ్చు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ సరిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రామ్) విండోస్ 90 రోజుల ట్రయల్ కాపీ పెట్టి, దానికి 4 జీబీ కేటాయించి, ముందు ఒక స్నాప్‌షాట్, అంటే మళ్లీ వెనక్కి రావడానికి అప్పటి స్థితి నకలు, తీసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటోరన్స్ అనే ప్రోగ్రామ్ నడిపి, కంప్యూటర్‌తోపాటు మొదలయ్యేవాటి జాబితా సేవ్ చేయాలి. తర్వాత ప్లేయర్ ఇన్‌స్టాల్ చేస్తూ ప్రతి తెరా ఆగి చదవాలి: ముందే టిక్ పెట్టి ఉంచినవి ఎన్ని, ‘వద్దు’ బటన్ కనబడీ కనబడనట్టు ఉందా? అయ్యాక ఆటోరన్స్ మళ్లీ నడిపి పాత జాబితాతో పోల్చాలి. ఆపైన నెట్‌లో వచ్చిపోయే సమాచారాన్ని చూపించే వైర్‌షార్క్ తెరిచి, ల్యాప్‌టాప్‌లోనే ఉన్న వీడియో ఒకటి ప్లే చేసి, డీఎన్‌ఎస్ (సర్వర్ పేరు చెప్పి చిరునామా అడిగే పద్ధతి) అని ఫిల్టర్ పెడితే ప్లేయర్ ఏయే సర్వర్ల పేర్లు అడుగుతోందో చాలావరకు కనబడుతుంది. విండోస్ తనంతట తాను అడిగే పేర్లు కూడా అందులో కలుస్తాయి కాబట్టి, ప్లేయర్ లేనప్పుడు పది నిమిషాలు రికార్డు చేసి పెట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. అప్‌డేట్ సర్వర్ ఒకటి కనబడితే కంగారు పడక్కర్లేదు, ప్రకటనల కంపెనీల పేర్లు వరసగా వస్తే ఆలోచించాలి. చివరగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, మూడోసారి ఆటోరన్స్ చూడాలి. అప్పటికీ ఏదైనా మిగిలి ఉంటే మీ మేనల్లుడి మాటకు ఆధారం దొరికినట్టే.

ఇలాంటి మాయలను మామూలే అని సర్దుకుపోయే రోజులు కూడా కావు. పదేపదే విసిగించే పాప్‌అప్‌లు, బయటపడనివ్వని సబ్‌స్క్రిప్షన్లు, తికమక పెట్టే ప్రశ్నలు సహా 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను (వాడేవాళ్లను తప్పుదారి పట్టించే తెరల ఎత్తులను) కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2023 నవంబర్ మార్గదర్శకాల్లో పేరు పెట్టి నిషేధించింది.

ఇక హెచ్‌ఆర్‌కు ఈమెయిల్ రాయండి: ఏ టీమ్, ఏ భాషలో కోడ్, మొదటి ఆరు నెలల్లో ఏం పని? డీకోడింగ్, ప్లేబ్యాక్, స్ట్రీమింగ్, సబ్‌టైటిల్స్ అని జవాబొస్తే, బాండ్ సంగతి తేల్చుకుని చేరమనే చెబుతాను. సీ ప్లస్ ప్లస్ భాష, వీడియోలను విప్పి మార్చే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, నెట్‌లో వీడియో ముక్కలుగా పంపే హెచ్ఎల్ఎస్ పద్ధతి మీద రెండేళ్లు పనిచేసిన పిల్లకు ఓటీటీ, వీడియో కాల్, సీసీ కెమెరా కంపెనీలు తలుపు తీస్తాయి. ఇంటర్వ్యూలో వాళ్లు ప్లేయర్ పేరు చూసి ఊరుకోరు, నువ్వేం చేశావని అడుగుతారు. ఇన్‌స్టాలర్, ప్రకటనల అనుసంధానం, వాడేవాళ్ల సంఖ్య పెంచే ‘గ్రోత్’ టీమ్ అంటే మాత్రం వద్దనండి. జవాబు తేల్చకుండా నానిస్తే, బాండ్ ఉన్న ఉద్యోగానికి అది మంచి సూచన కాదు.

సబ్‌టైటిల్స్ అన్నాను కదా, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మీ ప్రాంతం పిల్లలకు అక్కడ ఒక బలం ఉంది. తెలుగు, ఒడియా రెండు లిపులూ చదవగల ప్రోగ్రామర్లు అరుదు. మీ అమ్మాయి ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలతో, ఒడియా యుక్తాక్షరాలతో యూటీఎఫ్-8లో (అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను అంకెలుగా దాచే పద్ధతి) ఒక ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు తయారుచేసి ప్లేయర్లలో నడిపి చూడాలి. వత్తులు విడిపోయి ‘రాష్‌ట్‌రం’ అని వస్తే అక్షరాలు కలిపే షేపింగ్ జరగలేదని, డబ్బాలు వస్తే ఫాంట్ లేదని, పిచ్చి గుర్తులు వస్తే ఎన్‌కోడింగ్ తప్పిందని అర్థం. ఓపెన్ సోర్స్ ప్లేయర్లలో ఈ పని చేసేవి హార్ఫ్‌బజ్, లిబ్‌యాస్ లాంటి లైబ్రరీలు, అంటే ప్రోగ్రామ్‌లు తీసుకుని వాడుకునే సిద్ధమైన కోడ్. ఫైలు, స్క్రీన్‌షాట్, వెర్షన్ నంబరు జతచేసి వాటికి ఒక మంచి బగ్ రిపోర్టు పంపినా, అది ఎవరైనా తెరిచి చూడగల పని. ఏ కంపెనీలో ఉన్నా తన పేరుకు తనదైన సాక్ష్యం ఉంటుంది.

బాండ్ విషయానికి వస్తే, ఇన్నేళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు కోర్టులో చెల్లవచ్చు. ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు ఒకదానిలో మూడేళ్లు, రెండు లక్షల బాండ్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. అందుకని ‘బాండ్‌లు కోర్టులో నిలబడవులే’ అనే మాట నమ్మి సంతకం చేయకండి. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు మాత్రం 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. లక్షన్నర మొత్తాన్ని పనిచేసిన నెలల లెక్కన తగ్గించమని, కంపెనీయే తీసేస్తే ఏమీ కట్టనక్కర్లేదని రాసిమ్మని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు అడిగితే మాత్రం అక్కడితో ఆపేయండి. జీతం ఎంతన్నా సరే.