సైదులు పాదాలు తడిసే సీన్ గురించి

తమ్మీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. రాత్రి ఒక్క బిగిన, మళ్లీ పొద్దున పెన్సిల్ పట్టుకుని. సూపర్ హీరోకు సైదులు అని పేరు పెట్టావు చూడు, అక్కడే నాకు నచ్చావు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పిల్లలకు ఆ పేరు పెట్టుకునే ప్రాంతం మనది. మర్రిగూడ పక్క పల్లెలో పుట్టినోడికి నీళ్లు మాట వినే శక్తి ఇవ్వడం ఇంకా బాగుంది.

ఇక సైదులు వేషానికి ఎలాంటి నటుడు కావాలని నువ్వు అడిగిన సంగతి. సైదులు చివరికి తప్పు చేస్తాడు కాబట్టి కాస్త నెగెటివ్ షేడ్ ఉన్న నటుడైతే జనం ముందే రెడీ అవుతారని రాశావు. జనం రెడీ కాకూడదు తమ్మీ. నీళ్ల ప్రాజెక్టు కింద మునిగే ఊరి వాళ్లు ఒప్పుకోలేదని తెలిసీ 'ఊరంతా ఒప్పుకున్నారు' అన్న కాయితం మీద అతను సంతకం పెట్టేటప్పుడు, చూసేవాళ్లు లేచి ఆ చెయ్యి పట్టుకోవాలనుకోవాలి. ముందు నుంచీ అనుమానించినవాడి చెయ్యి ఎవరు పట్టుకుంటారు?

కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టిన కాంతారావు గారిని తలుచుకో. జానపద సినిమాల్లో ఆయన కత్తి దూశాడంటే ఇక భయం లేదని జనం నిమ్మళంగా కూర్చునేవాళ్లు. ఆ ముఖం మీద ఒక్క అబద్ధం పెట్టి చూడు, గుండె కలుక్కుమంటుంది. తుంగతుర్తి ప్రభాకర్ రెడ్డి గారు డాక్టరు చదివిన మనిషి. సినీ కార్మికుల చిత్రపురి కాలనీకి ఆయన పేరే ఉంది. అయినా తెర మీద విలన్‌గా చూసీ చూసీ, ఆయన అదే సంతకం పెడితే హాల్లో ఎవరూ ఉలిక్కిపడరు. ఆ తప్పు ఆయనది కాదు, మన కళ్లకు పడ్డ అలవాటుది.

మా ఊళ్లో ఓసారి భారతం నాటకం వేశాం. ధర్మరాజు వేషానికి ఎత్తుగా, గొంతు ఖంగుమనే కుర్రాణ్ని అనుకున్నాం. వాడికి జ్వరం తగిలేసరికి కిరాణా కొట్టు పెద్దాయనను బతిమాలి ఎక్కించాం. ఊళ్లో ఆడవాళ్లు ఇంట్లో చెప్పకుండా దాచుకునే డబ్బులు ఆయన దగ్గరే ఉండేవి. ద్రోణుడు వచ్చి 'నా కొడుకు పోయాడా? నువ్వు చెబితేనే నమ్ముతా' అన్నాడు. ఆయన 'అశ్వత్థామ హతః' అని గట్టిగానే అన్నాడు. 'కుంజరః' దగ్గర గొంతు దిగిపోయింది. కుడిచేతి బొటనవేలు పంచె అంచును నలపడం మొదలుపెట్టింది. అది మేం నేర్పింది కాదు. ముందు వరుసలో ఒక ముసలమ్మ 'అయ్యో, నువ్వు గూడనా!' అంది. మద్దెల మోగించాల్సినవాడు మోగించడం మరిచిపోయాడు.

ఆ మాటతో ధర్మరాజు రథం నేలకు దిగింది. అప్పటిదాకా అది నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదట. నీ స్క్రిప్టులోనూ ఆ నాలుగు వేళ్లు ఉన్నాయి. ఎంత నీళ్లలో నడిచినా సైదులు పాదాలు తడవవని మూడో పేజీలో రాసి, తర్వాత మరిచిపోయావు. సంతకం తర్వాత పెట్టిన రెండు పేజీల డైలాగు కొట్టెయ్. అతను ఇంటికొచ్చి వాకిట్లో అడుగుపెట్టగానే కింద ఒలికిన నీళ్లకు పాదం తడవాలి, అంతే. ఫ్లోరైడ్‌కు నడుం వంగిపోయిన వాళ్లమ్మ తలెత్తి కొడుకు ముఖం చూడలేదు కదా. ఆమెకు రోజూ కనిపించేవి ఆ పాదాలే.

సైదులు చెడ్డవాడై సంతకం పెట్టడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండింది. అదే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో మునుగోడు, దేవరకొండ మెట్ట పల్లెలు రాతిలోంచి ఫ్లోరైడ్ కరిగిన బోరు నీళ్లు తాగాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది లెక్క. దాటిన నీళ్లే ఏళ్ల తరబడి తాగి ఎముకలు వంకర్లు పోయాయి. ఒక్క ఊరు మునిగితే నలభై ఊళ్ల నడుములు నిలబడతాయని సైదులు అనుకోవడంలో న్యాయం ఉంది. నీ నటుడికి ఆ న్యాయం కడుపులోంచి తెలియాలి, ఆ మునిగే ఊరూ తెలియాలి. రెండింటిలో ఒక్కటే తెలిసినవాడు వద్దు.

ఒక సంగతి నీకు చెప్పి తీరాలి. చాలా ఏళ్ల కింద నేను రాసిన ఒక సినిమాలో హీరో తల దించుకునే సీన్ ఉండేది. పెద్ద నటుడు దొరికాడు. 'మా హీరో తల దించడు, తీసెయ్యండి' అని వాళ్ల మనిషి వచ్చి చెప్పాడు. నేను సరే అన్నాను. ఆ సరే ఇప్పటికీ నాకు గొంతులో ముల్లే. అందుకే చెబుతున్నా, పాదం తడవడాన్ని కథకు ఎట్లా ముడెయ్యాలంటే, అది తీసేస్తే చివరి అరగంట నిలబడకూడదు. అమ్మ ఆ తడి చూసే నిజం కనిపెట్టాలి. ఆ తర్వాత నీళ్లు అతని మాట వినడం మానెయ్యాలి. అప్పుడు ఎవరొచ్చినా కొట్టెయ్యలేరు.

ఆడిషన్‌లో ఫైట్లు చేయించకు. నిండు బిందె భుజానికెత్తించి నడిపించు, మోసిన భుజమో కాదో రెండడుగుల్లో తెలుస్తుంది. తర్వాత కాయితం, పెన్ను ఇవ్వు. సంతకం పెడుతుండగా పక్కన ఎవరినైనా కూర్చోబెట్టి అమ్మ మాట చదివించు: 'ఏం కాయితం బిడ్డా అది?' అతను 'నీళ్లదే అమ్మా' అనాలి. ఆ మాటలో అబద్ధం లేదు, నిజం కూడా మొత్తం లేదు. ముఖం చూడకు, చెయ్యి చూడు.

దేవరకొండలో నాకు తెలిసినాయన ఒకరున్నారు. నాటకాలు వేస్తారు, ఊళ్లో ఏ తగువు వచ్చినా ఆయన అరుగు మీదకే వస్తుంది. సినిమా మొహం కాదు, వయసు కూడా నువ్వు అనుకున్నదానికంటే పదేళ్లు ఎక్కువ. ఆదివారం వస్తే తీసుకెళ్తాను. కాయితం నేను తెస్తా, బిందె నువ్వు పట్టుకురా.

మీ అన్న