డ్రైవర్ లేని డంపర్ వస్తే డిజైనర్‌కు పనుంటుందా?

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం. గనుల్లో రాయి, మట్టి మోసే పెద్ద డంపర్ లారీలంటే పిచ్చి, వాటి డిజైన్‌లోకే వెళ్తానంటాడు. రేపు అవి డ్రైవర్ లేకుండా నడుస్తాయి, ఆ లైన్‌లో ఉద్యోగాలేం ఉంటాయని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, అది రేపటి మాటేం కాదు. చిలీలోని గాబ్రియేలా మిస్ట్రల్ రాగి గనిలో జపాన్ కంపెనీ కొమాట్సు డంపర్లు 2008 నుంచే డ్రైవర్ లేకుండా తిరుగుతున్నాయి. దానివల్ల తగ్గేది స్టీరింగ్ పట్టేవాళ్ల పని. డిజైన్ చేసేవాళ్లకు కొత్త పని పుట్టింది. 2016లో అదే కంపెనీ అసలు క్యాబినే లేని బండిని చూపించింది. అది ముందుకూ వెనక్కూ ఒకేలా నడుస్తుంది కాబట్టి లోడింగ్ దగ్గర తిప్పుకోనక్కర్లేదు.

మీవాడు జాగ్రత్త పడాల్సింది ఇంకో విషయంలో. భారీ డంపర్లలో చాలావాటికి డీజిల్ ఇంజిన్ చక్రాలను నేరుగా తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. 450 టన్నులు మోసే బెలారస్ డంపర్ బెలాజ్ 75710 కూడా అంతే. ఇప్పుడు కంపెనీలు తల పట్టుకుంటున్నది ఆ డీజిల్ తీసేసి ఏం పెట్టాలని. బ్యాటరీ పెడితే దాని బరువే సరుకు చోటు తినేస్తుంది. స్వీడన్‌లోని ఐటిక్ గనిలో ఎత్తు ఎక్కే దారికి రైలు లైనులా పైన కరెంటు తీగలు వేశారు. దక్షిణాఫ్రికాలో ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ 2022లో 290 టన్నులు మోసే హైడ్రోజన్ బండి దించింది. స్విట్జర్లాండ్‌లో ఒక సిమెంటు క్వారీ డంపర్‌ది మరో దారి. కొండ మీద 65 టన్నులు నింపుకుని దిగుతూ, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నింపుకుంటుంది, ఆ చార్జింగ్‌తోనే ఖాళీగా పైకెక్కుతుంది. లోతైన గనిలో ఈ కథ తలకిందులు: దిగేది ఖాళీగా, ఎక్కేది లోడుతో. ఏ గనికి ఏది గిట్టుబాటో లెక్క కట్టగలవాడే రేపటి డిజైనర్.

ఆ లెక్క ఇంటి దగ్గరే మొదలుపెట్టొచ్చు. తిరుమల ఘాట్‌లో తిరిగే ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సెక్కి, కొండెక్కేటప్పుడు ఎంత చార్జింగ్ పోయింది, దిగేటప్పుడు ఎంత తిరిగొచ్చింది డ్రైవర్‌ను అడిగి రాసుకోమనండి. స్వామి దర్శనం కూడా అయిపోతుంది.

ఎలెక్టివ్స్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ తీసుకోమనండి. వేలకు వేలు పోసి క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే) కోర్సులు ఒకదాని మీద ఒకటి చేయించకండి, ఒకటి చాలు. మైనింగ్ బ్రాంచికి మారాలా అనే టెన్షనూ వద్దు. ఆ చదువు గని తవ్వడానికి, వీడికి కావాల్సింది బండి.

ఇంటర్న్‌షిప్‌కు దూరం వెళ్లనక్కర్లేదు. చెన్నై రైలు దారిలోని తిరువళ్లూరులో క్యాటర్‌పిల్లర్ గని డంపర్లు తయారుచేస్తుంది. ప్రభుత్వ సంస్థ బీఈఎంఎల్ డంపర్ల ఫ్యాక్టరీ మైసూరులో ఉంది. బ్యాటరీల పని చూడాలంటే కరకంబాడిలో అమరరాజా ఉండనే ఉంది. మొదటి ఉద్యోగం మాత్రం డిజైన్‌లో రాకపోవచ్చు, సర్వీస్ ఇంజినీర్‌గా ఏ బొగ్గు గనికో పంపొచ్చు. ఎండలో, దుమ్ములో పని కదా అని మీరు అడ్డుపడకండి. ఏ పార్టు ఎక్కడ అరుగుతుందో, మెకానిక్ చెయ్యి ఎక్కడ దూరదో తెలిసేది అక్కడే.