పికప్ బండికి క్రాస్ జాయింట్లు మార్చబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మదనపల్లె నుంచి టమాటా లోడుతో మొగిలి ఘాటు దిగేటప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కిన ప్రతిసారీ బండి కింద టక్కుమని దెబ్బ వినిపిస్తోందనీ, ఖాళీగా నెమ్మదిగా వెళ్తుంటే పిచ్చుక అరిచినట్టు కీచుకీచుమంటోందనీ రాశావు. ఈ రెండూ కలిశాయంటే నా అనుమానమంతా క్రాస్ జాయింట్ల మీదే, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు తిరుగుడు అందించే పొడవాటి గొట్టాన్ని (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను) రెండు చివర్లా వంపులోనూ తిరగనిచ్చే కీళ్ల మీదే. అయినా విప్పే ముందు కిందికి దూరి, షాఫ్ట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, పైకీ కిందికీ కదిపి చూడు. జాయింట్ మధ్యలో కూడిక గుర్తులా ఉండే క్రాస్‌కూ, దాన్ని రెండు చెవులతో పట్టుకునే యోక్‌కూ మధ్య వెంట్రుకవాసి కదలిక కనిపించినా జాయింట్ పోయినట్టే. అక్కడ ఏమీ కదలకుండా రెండు యోక్‌లూ కలిసి ఊగుతుంటే లోపం వెనక ఇరుసు మధ్యలోని హౌసింగ్ గేరు పళ్లలో ఉంటుంది, అది వేరే పని. క్రాస్ నాలుగు కొమ్ములకు తొడిగిన కప్పుల చుట్టూ ఇటుకపొడిలాంటి ఎర్రటి తుప్పు కనబడితే, లోపల గ్రీజు ఎండిపోయి బేరింగ్ సూదులు (సన్నటి ఉక్కు కడ్డీలు) అరిగిపోతున్నాయని అర్థం.

ఈ పనిని వాయిదా వేయవద్దు. గేర్‌బాక్స్ వైపున్న ముందు జాయింట్ బండి నడుస్తుండగా తెగితే షాఫ్ట్ మొన రోడ్డు మీద పడి గుచ్చుకుంటుంది, లోడుతో ఉన్న బండిని వెనకనుంచి ఎత్తి పడేసే బలం దానికి ఉంది. ఒకటి అరిగిందంటే రెండోది కూడా అంతే దూరం తిరిగింది కనుక రెండూ ఒకేసారి మార్చు.

అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. షాఫ్ట్ విప్పిన మరుక్షణం నుంచి ఇంజనుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది కాబట్టి, బండిని గేరులో వేసి ఉంచినా అది ఆగదు. పాత జీపు తరహా బండ్లలో కొన్నిటికి హ్యాండ్ బ్రేక్ కూడా గేర్‌బాక్స్ వెనక డ్రమ్ము మీదే ఉంటుంది, అలాంటి బండిలో అదీ పనిచేయదు. చదునైన నేల చూసుకుని, చక్రాలన్నిటికీ ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టు. బండిని లేపితే స్టాండ్ల మీద నిలబెట్టాలి తప్ప, జాకీని నమ్ముకుని దాని కింద తల పెట్టవద్దు.

విప్పే ముందు, షాఫ్ట్ ఏ ఫ్లాంజ్‌కు (బోల్టులతో బిగించే చదునైన బిళ్లకు) ఎలా కూర్చుందో తెల్ల పెయింటుతో గీత గియ్యి. మధ్యలో స్ప్లైన్ (ఒకదానిలో ఒకటి ఇమిడే పొడవాటి పళ్లు) జారే చోట రెండు భాగాల మీదా సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టు. వంపులో తిరిగే క్రాస్ జాయింట్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పుంజుకుని రెండుసార్లు తగ్గుతుంది, ఆ హెచ్చుతగ్గులను రెండో చివరి జాయింట్ సరిచేయాలంటే షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లూ ఒకే వరుసలో ఉండాలి. నేను కొత్తగా పని నేర్చుకున్న రోజుల్లో గుర్తు పెట్టకుండా విప్పి, స్ప్లైన్ ఒక పన్ను పక్కకు తప్పించి బిగించాను. బండి కాస్త వేగం అందుకోగానే క్యాబిన్ మొత్తం వణికింది, కారణం వెతకడానికి రెండు రోజులు పోయాయి.

ఇక కప్పులు తీయడం. కప్పులు బయటికి రాకుండా పట్టే లాకులున్న గాడిలోని తుప్పును ఇనుప బ్రష్‌తో తోమి, తుప్పు విడిపించే నూనె పోసి రాత్రంతా నాననిస్తే సగం కష్టం తీరుతుంది. లాకులు తీశాక, కప్పు కంటే కొంచెం చిన్న సాకెట్‌ను ఒకవైపు, కప్పు లోపలికి వచ్చేంత పెద్ద సాకెట్‌ను రెండోవైపు పెట్టి బెంచ్ వైస్‌లో నెమ్మదిగా బిగించు. షాఫ్ట్ గొట్టాన్ని మాత్రం వైస్‌లో నొక్కవద్దు, సొట్ట పడితే బ్యాలెన్స్ పోతుంది. దాని మీద అతికించిన చిన్న ఇనుప బిళ్లలు కూడా ఆ బ్యాలెన్స్ కోసమే, వాటిని కదపకు. పాతవి బయటికి వచ్చాక యోక్ రంధ్రాలను ఎమెరీ కాగితంతో రుద్ది, చేతివేలితో తడిమి చూడు. కొత్త కప్పు చేత్తో నెట్టగానే వదులుగా దూరిపోతే ఆ యోక్ పనికిరాదు. చుట్టూ పంచ్ దెబ్బలు కొట్టి, రేకు ముక్క పెట్టి బిగించే వాళ్లున్నారు, ఘాటు రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని చేయించవద్దు.

కొత్త క్రాస్ బిగించేటప్పుడే అసలైన ఓర్పు కావాలి. ఒక్కో కప్పు లోపల అగ్గిపుల్లంత లావు, గోరంత పొడవుండే సూదులు గోడ వెంట వరుసగా నిలబడి ఉంటాయి, వాటిని అక్కడ పట్టి ఉంచేది గ్రీజు ఒక్కటే. గ్రీజు ఎక్కించే నిపుల్ షాఫ్ట్ వైపుకు, గ్రీజు గన్ అందేలా పెట్టుకో. మొదటి కప్పును కొంతవరకే నొక్కి, క్రాస్ కొమ్మును దానిలోకి దూర్చి, ఎదుటి కప్పును కూడా రెండో కొమ్ము మీదకు తెచ్చాక, కొమ్ములు రెండూ సూదుల మధ్యనే నిలిచి ఉండేలా చూసుకుంటూ నొక్కు. కప్పు సగంలో ఆగిపోయి లాకు గాడి పూర్తిగా కనబడకపోతే లోపల ఒక సూది అడ్డంగా పడిందన్నమాట. బలం పెట్టావంటే కొత్త కప్పు పగులుతుంది, వెనక్కి తీసి సూదిని నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టు.

లాకులన్నీ గాడిలో కూర్చున్నాక జాయింట్ బిగుసుగా ఉంటే, యోక్ చెవి మీద ఇత్తడి సుత్తితో మెల్లగా తట్టు, సర్దుకుంటుంది. గుర్తులు కలిపి షాఫ్ట్ ఎక్కించి, కొత్త బోల్టులు వేసి, నాలుగు కప్పుల సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా గన్ కొట్టు. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఫ్లాంజ్ బోల్టులకు ఇంకోసారి పానా పెట్టి చూడు.

పాత క్రాస్‌లను పారేయకుండా తుడిచి, ఏది ముందుదో ఏది వెనకదో రాసి ఉంచు. కొమ్ముల మీద సూదులు పడిన గాడులు ఎటువైపు లోతుగా ఉన్నాయో నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య