రష్యన్లకు సమూయిల్ మార్షక్ అంటే ఎందుకంత ఇష్టం? మనిషిగా ఎలాంటివాడు?

అక్కడ పిల్లలకి చదవడం రాకముందే బాలకవి, అనువాదకుడు మార్షక్ (1887–1964) గేయాలు నోటికొచ్చేస్తాయి, అసలు కారణం అదే. 1930లో వచ్చిన పరధ్యానం మనిషి గేయమే చూడండి: టోపీ అనుకుని నెత్తిన పెనం పెట్టుకుంటాడు, రైలుకి తగిలించని పెట్టెలో ఎక్కి కూర్చుని మాటిమాటికీ ఇదేం స్టేషనని అడుగుతాడు, ప్రతిసారీ లెనిన్‌గ్రాడే (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్)! పెద్దయ్యాక షేక్‌స్పియర్ సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు), స్కాట్లండ్ కవి బర్న్స్ కవితలు చాలామందికి తెలిసిందీ ఆయన అనువాదంలోనే. మరీ నునుపు చేసేశాడని విమర్శ ఉంది. నిజమే, కానీ చదువుతుంటే అనువాదమనిపించదు.

మనిషి మాత్రం పనిరాక్షసుడు. లెనిన్‌గ్రాడ్‌లో పిల్లల పుస్తకాల సంపాదకుడిగా ఉన్నప్పుడు, భౌతిక శాస్త్రవేత్త మత్వేయ్ బ్రాన్‌స్టైన్ చేత హీలియం కథని పిల్లలకి అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ రాయించాడు. 1937లో స్టాలిన్ అణచివేతల్లో ఆ సంపాదకవర్గాన్నే చెదరగొట్టారు, బ్రాన్‌స్టైన్‌ని అరెస్టు చేసి మరుసటేడు కాల్చేశారు. మార్షక్ మాత్రం బయటపడ్డాడు, తర్వాత ప్రభుత్వ బహుమతులూ అందుకున్నాడు కాబట్టి సర్దుకుపోయాడనే వాళ్లున్నారు. నాకలా అనిపించదు. 1964లో, ఆరోగ్యం బాగా దెబ్బతిన్న దశలో కూడా, పనీపాటా లేకుండా తిరుగుతున్నాడని కుర్రకవి బ్రాడ్‌స్కీని కోర్టుకీడిస్తే, మరో పిల్లల రచయిత చుకోవ్‌స్కీతో కలిసి అతని తరఫున నిలబడ్డాడు.