పిరికి కుక్కని ఎవరికివ్వాలి?

రేణిగుంట రోడ్డులో కాలికి దెబ్బ తగిలి పడున్న ఆడకుక్కని మీరు తెచ్చి బాగుచేశారు. రెండేళ్లుంటాయి. కొత్త మనిషి గొంతు వినిపిస్తే చాలు మంచం కిందకి దూరుతుంది. ఒక కుటుంబం తీసుకెళ్లి, వారం తిరక్కుండానే తెచ్చి మీ చేతిలో పెట్టింది. మీకేమో బెంగళూరు ట్రాన్స్‌ఫర్. దీన్ని ఓర్చుకునే ఇల్లు తిరుపతిలో దొరుకుతుందా అని టెన్షన్ పడుతూ నన్ను అడిగారు. దొరుకుతుంది. కాకపోతే కాస్త టైం పడుతుంది, చాలామందికి మొహమాటం లేకుండా 'లేదండీ' అనాల్సి వస్తుంది.

నేను ఇలాంటి కొన్ని కుక్కలకి ఇళ్లు చూశాను. 'కుక్కలంటే నాకు ప్రాణం' అంటూ వచ్చేవాళ్లతోనే నాకు ఎక్కువ భయం. వాళ్లకి అది తోక ఊపుకుంటూ ఎదురు రావాలి, ఒళ్లో పడుకోవాలి, ఫొటో దిగాలి. రెండు రోజులు దగ్గరికి రాకపోతే చిన్నబుచ్చుకుంటారు. మూడో రోజు బలవంతాన ఎత్తుకుంటారు. అది పళ్లు చూపిస్తుంది, ఇక 'కరిచే కుక్క' అని పేరు పడిపోతుంది. దాన్ని దాని మానాన వదిలేసి తమ పని తాము చూసుకునే మనుషులు కావాలి మీకు.

మన వైపు మీకు ముందుగా వచ్చే ఫోన్లు మామిడితోటల వాళ్లవి. 'తోటకిచ్చేయండి సార్, బాగా తింటాది, పడుంటాది' అంటారు. చెడ్డవాళ్లని కాదు, వాళ్లకి కావాల్సింది కాపలా. మీ పిల్ల చీకట్లో అలికిడైతే అరవదు, పారిపోతుంది. పారిపోతుందని గొలుసేస్తారు. భయమున్న కుక్కకి గొలుసంత చెరుపు ఇంకొకటి లేదు, తప్పించుకునే దారి లేనప్పుడే అది కరుస్తుంది. ఇంకో రకం, జ్యోతిష్కుడు చెప్పాడని శనివారాలు అన్నం పెట్టడానికి నల్లకుక్క కావాలనేవాళ్లు. వాళ్లకి వీధిలో బోలెడన్ని ఉన్నాయి, అక్కడే పెట్టుకోమనండి.

ప్రకటనలో నిజం రాయండి. 'చాలా ఫ్రెండ్లీ, పిల్లలతో ఆడుతుంది' అని రాస్తే మళ్లీ వారంలో వెనక్కొస్తుంది. నేనైతే ఇలా రాస్తాను: మొదట్లో మీ ముందు తినదు, మీరు పడుకున్నాక తింటుంది. కాపలాకి పనికిరాదు. ముట్టుకోనివ్వడానికి నెలలు పట్టొచ్చు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వను. ఫొటో కూడా మంచం కింద నుంచి తొంగిచూస్తున్నదే పెట్టండి. ఫోన్లు బాగా తగ్గిపోతాయి, తగ్గనివ్వండి. అది చదివి కూడా చేసేవాళ్లతోనే మీకు పని.

వచ్చినవాళ్లని మాటల్లో అంచనా వేయలేం. మీ ఇంటికి పిలిచి, కుక్క ఉన్న గదిలో ఓ అరగంట నేల మీద కూర్చోమనండి. కళ్లలోకి చూడకూడదు, పిలవకూడదు, చెయ్యి చాపకూడదు, అంతే. చాలామంది ఐదు నిమిషాలు కూడా ఆగలేరు, 'చ్చుచ్చు' అంటూ మంచం కిందకి వంగుతారు. నా దగ్గరున్న రాగి అనే కుక్కకి ఇలా ఒక్కొక్కరూ తప్పుకుంటూ పోయాక కొర్లగుంట నుంచి ఒకావిడ వచ్చింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆ అరగంట ఊరికే ఎందుకు కూర్చోవాలని సంచీలోంచి జాకెట్టు తీసి హుక్కులు కుట్టుకుంటూ కూర్చుంది. కుక్క వైపు తలెత్తి చూస్తే ఒట్టు. కాసేపటికి మంచం కింద నుంచి ముక్కు బయటికొచ్చింది, తర్వాత ముందు కాళ్లు. వెనక కాళ్లు మాత్రం లోపలే, ఏ క్షణమైనా వెనక్కి లాక్కునేలా. అలా సాగిలబడి ఆవిడ చీర కుచ్చిళ్లు వాసన చూసి మళ్లీ లోపలికి పోయింది. ఆవిడ దారం కొరికి, 'ఇది గోడ వారన పడుకుంటదా, మూలలోనా అన్నా? మా ఇంట్లో రెండూ ఉండాయి' అని అడిగింది. జాతి ఏంటి, ఏం నేర్పారు, కరుస్తుందా, ఇవేవీ అడగలేదు. అక్కడే తేలిపోయింది నాకు.

తినేది ఇచ్చే పద్ధతి కూడా వాళ్లకి మీరే చూపించాలి. ఉడికించిన కోడిగుడ్డు ముక్క చేత్తో చూపించి దగ్గరికి రప్పించడం వద్దు. ఆశకొద్దీ వస్తుంది, తీరా దగ్గరికొచ్చాక మనిషి అంత దగ్గరగా ఉన్నాడని హడలిపోతుంది. ముక్కని దాని వెనక్కి విసరండి. వెనక్కి వెళ్లి తింటుంది, భయం దిగుతుంది, తనంతట తానే రెండడుగులు ముందుకొస్తుంది. మళ్లీ వెనక్కే విసరాలి. చూసేవాళ్లకి ఇదేం పిచ్చి అనిపిస్తుంది గానీ నేను చూసినవాటిలో ఇంతకంటే బాగా పనిచేసింది లేదు.

'పాపం ఎవరో బాగా కొట్టుంటారు' అని కథలు చెప్పకండి. కొట్టి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు మూడో నెల దాకా మనుషులు, చప్పుళ్లు అలవాటయ్యే వయసు. ఆ టైంలో మనిషి చెయ్యి తగలకపోతే ఎవరూ ఏమీ చేయకపోయినా ఇలాగే తయారవుతుంది. ఈ సంగతి చెబితే ఇంటివాళ్లు జాలితో మీద పడడం తగ్గిస్తారు.

ఇచ్చేముందు ఒకసారి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో చూపించండి. నొప్పి ఉన్న కుక్క కూడా మూల వెతుక్కుంటుంది, పిడుదు జ్వరం ఉన్నదీ అంతే. దీనికి పాత దెబ్బ ఉంది కాబట్టి ఆ కాలు సంగతి అడగండి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే చేయించి, రేబిస్ టీకా వేయించి, కార్డు చేతికివ్వండి. అద్దె ఇల్లయితే ఓనరుతో మీరే మాట్లాడండి, తిరుపతిలో చాలా కుక్కలు ఓనరు మాట మీదే వెనక్కొస్తాయి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ రూలు చూపించి పోట్లాడి తెచ్చుకున్న చోట ఇలాంటి కుక్కకి మనశ్శాంతి ఉండదు, మెట్ల మీద ఎదురైన ప్రతివాడూ 'హుష్' అంటాడు.

ఇల్లు ఎక్కడుందో కూడా చూసుకోండి. గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట దగ్గరైతే మేలో గంగమ్మ జాతర అయ్యేదాకా పంపకండి. డప్పులు సరే, ఒళ్లంతా బొగ్గు, సున్నం పూసుకున్న వేషాలు వీధిలో తిరుగుతుంటే ధైర్యమున్న కుక్కలే మొరిగి గొంతు పోగొట్టుకుంటాయి. దీపావళికి, వినాయక నిమజ్జనానికి కూడా ఇదే లెక్క.

అప్పగించే రోజు ఛాతీకి వేసే హార్నెస్ ఒకటి, మెడకి కాలర్ ఒకటి వేసి, రెండింటికీ వేరువేరు తాళ్లు కట్టండి. భయపడ్డ కుక్క వెనక్కి గుంజి కాలర్ లోంచి తల ఇట్టే తీసేస్తుంది. కొత్త ఇంటి నుంచి తప్పిపోయిన పిరికి కుక్క పేరు పెట్టి పిలిస్తే రాదు, ఇంకా దూరం పోతుంది. మొదటి రోజుల్లో వాకింగ్ లేదు, చుట్టాల్ని పిలిచి చూపించడం లేదు, స్నానం అసలే లేదు. మీరు కప్పుకున్న దుప్పటి ఉతక్కుండా దాంతో పంపండి. రెస్క్యూ వాళ్లందరూ చెప్పే మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలల లెక్క ఉంది కదా: మొదట బెదురు తగ్గడానికి, తర్వాత ఇంటి పద్ధతి తెలియడానికి, ఆఖరికి ఇది నా ఇల్లు అనుకోవడానికి. మీ పిల్ల లాంటి వాటికి ఆ మూడు నెలలు కాస్తా ఏడాది కూడా కావచ్చు, ఆ మాట ముందే చెప్పేయండి.

వెనక్కి తెచ్చిచ్చిన కుటుంబానికి ఒకసారి ఫోన్ చేసి, ఏ రోజు ఏం జరిగిందో నిదానంగా కనుక్కోండి. తప్పు పట్టడానికి కాదు. చుట్టాలొచ్చారా, మిక్సీ చప్పుడుకి హడలిందా, మగమనిషిని చూస్తేనే దాక్కుందా, తర్వాతి ఇంటికి ఇది పనికొస్తుంది.

ట్రాన్స్‌ఫర్ తేదీలోపు ఇల్లు కుదరకపోతే తొందరపడి ఎవరికో అంటగట్టకండి, కుక్కల్ని ఉంచుకునే బోర్డింగ్‌లోనూ పెట్టకండి. పక్క బోనుల్లో రాత్రింబవళ్లు మొరిగే చోట అది అన్నం మానేస్తుంది. మీతో బెంగళూరు తీసుకెళ్లి అక్కడి నుంచి వెతకండి. రైల్లో సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లోని కుక్కల పెట్టెలో మాత్రం వేయకండి. రోడ్డున రెండొందల యాభై కిలోమీటర్లే కదా, కారు మాట్లాడుకుని తెల్లవారుజామున బయల్దేరండి. పొద్దున అన్నం పెట్టకండి, దారిలో కక్కుతుంది.