కొలిమికి ఎంత గాలి కావాలి?

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచీ తోలు తిత్తితోనే కొలిమి నడుపుతున్నాం. తిత్తి ఊదే మనిషి దొరకక ఈ మధ్య పాత సామాన్ల కొట్టులో అర హెచ్‌పీ కరెంటు బ్లోయర్ కొన్నాను. స్విచ్ వేయగానే కర్రబొగ్గులు ఎగిరిపడుతున్నాయి, కొడవళ్ల అంచులు కాలిపోతున్నాయి. సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలిస్తే మోటారు వేడెక్కి మూలుగుతోంది. ఏం చేయాలి?
— జనగామ జిల్లా నుంచి ఒక కమ్మరి

జవాబు: మీ పనికి ఆ బ్లోయర్ పెద్దదే అయినా పారేయవలసిన అవసరం లేదు. ముందుగా ఆ రెగ్యులేటర్‌ను తీసేయండి. సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. అర హెచ్‌పీ మోటారు 370 వాట్లకు పైనే తీసుకుంటుంది కనుక ఆ భారాన్ని రెగ్యులేటర్ మోయలేదు. పైగా ఇలాంటి ఇండక్షన్ మోటారుకు కరెంటు ఒత్తిడి తగ్గిస్తే వేగం పెద్దగా తగ్గదు, వైండింగు మాత్రం వేడెక్కుతుంది. కార్బన్ బ్రష్షులున్న మోటార్లకు తగిన రెగ్యులేటర్ పెట్టుకోవచ్చు గాని, మీది ఆ రకం కాదనిపిస్తోంది.

తిత్తి ఊదే మనిషి నిప్పు రంగు చూస్తూ చేతిని ఎప్పటికప్పుడు బిగించేవాడు, సడలించేవాడు. మోటారుకు ఆ చూపు లేదు కాబట్టి ఆ చేతి పనిని గాలిగొట్టంలో అమర్చిన రేకు తలుపు చేయాలి. గొట్టాన్ని ఒకచోట కోసి, రెండు పట్టీల మధ్య అటూ ఇటూ జరిగే ఇనుప రేకును బిగించి, మీరు నిలబడే చోటి నుంచే చేతికి అందేలా పెట్టుకోండి. గాలి దారి మూస్తే మోటారు మీద భారం పెరుగుతుందని చాలామంది భయపడతారు. నత్తగుల్ల ఆకారపు పెట్టె ఉన్న ఈ బ్లోయర్లలో దానికి పూర్తిగా భిన్నంగా, కదిలే గాలి తగ్గినకొద్దీ మోటారు తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది. బ్లోయర్ ఎంపికలో హెచ్‌పీ కన్నా ఈ తలుపే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

అంచులు కాలిపోవడానికి గాలి ఎక్కువ కావడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. గాలి వచ్చే రంధ్రానికి, ఇనుముకు మధ్య నాలుగు అంగుళాలకు తక్కువ కాకుండా మండే బొగ్గు ఉండాలి. గాలిలోని ప్రాణవాయువు ఆ పొరలోనే ఖర్చయిపోవాలి. అది మిగిలి ఇనుమును తాకితే దాగలి మీద పొట్టు పొట్టుగా రాలుతుంది. కొడవలి అంచు తెల్లబడి కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మిందంటే ఉక్కు మండిపోయినట్టే. ఎంత కొట్టినా, ఎంత పదును పెట్టినా ఆ భాగం తిరిగి నిలవదు, కోసి తీసేయవలసిందే. కర్రబొగ్గుకు రాతిబొగ్గు కన్నా చాలా తక్కువ గాలి సరిపోతుంది కనుక రంధ్రాన్ని ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం లోపే ఉంచండి.

గొట్టం రెండు అంగుళాల వెడల్పుతో, వీలైనన్ని తక్కువ వంపులతో ఉండాలి. కొలిమి వైపు చివరి మూడడుగులు మామూలు నల్ల ఇనుప పైపే వాడండి; ప్లాస్టిక్ కరుగుతుంది, జీఐ పైపు మీది జింకు పూత వేడికి విషపు పొగ ఇస్తుంది. బ్లోయర్‌ను నిప్పురవ్వలు పడనంత దూరంలో బిగించి, దాని ఒంటికి ఎర్తింగు తప్పకుండా ఇప్పించండి. తడి చేతులతో నీళ్ల తొట్టి పక్కనే నిలబడి చేసే పని ఇది.

ప్రశ్న: కిటికీకి పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాను సరిపోదా?

జవాబు: సరిపోదు. అది ఖాళీ జాగాలో గాలిని బాగా కదిలిస్తుంది గాని, ఇరుకు గొట్టంలోంచి, బొగ్గు పొరలోంచి గాలిని నెట్టే ఒత్తిడి దానికి ఉండదు. కరెంటు పోయే ఊళ్లలో పళ్లచక్రాలున్న చేతి బ్లోయర్‌ను తోడుగా ఉంచుకోవడం మంచిది.

ఏ బ్లోయర్ వాడేవారైనా ఒకటి గుర్తుంచుకోవాలి. నిప్పు ఉండగా గాలి ఆపితే బొగ్గులోంచి వచ్చే మండే వాయువు గొట్టంలోకి వెనక్కి చేరుతుంది; మళ్లీ స్విచ్ వేసినప్పుడు ఢాం అని పేలవచ్చు, ముఖ్యంగా రాతిబొగ్గు వాడేచోట. అందుకని పని మధ్యలో గాలి పూర్తిగా ఆపకుండా రేకు తలుపును సన్నగా తెరిచి ఉంచండి, సాయంత్రం కొలిమి వదిలేటప్పుడు గొట్టాన్ని బ్లోయర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టండి.